మందును వదిలే నానోఫైబర్ డ్రెస్సింగ్ మొండి పుండును మాన్పగలదా?

మీరు అడిగినవి రెండు. మీ నాన్నగారికి మధుమేహం వల్ల అరికాలి మీద పడిన పుండు మూడు నెలలైనా మానడం లేదు, మందును కొద్దికొద్దిగా వదిలే నానోఫైబర్ (కంటికి కనిపించనంత సన్నని పోగుల) డ్రెస్సింగ్ వేస్తే మానుతుందా అన్నది ఒకటి. అంత సన్నని పోగుల్లో మందు ఎలా ఇముడుతుంది, మామూలు కట్టుకన్నా అది ఏ విధంగా మేలు అన్నది రెండోది. గాయాలకు వాడే పదార్థాలను తయారుచేసి పరీక్షించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పుండ్లకు చికిత్స చేసే వైద్యులతో కలిసి పనిచేయడం వల్ల, ప్రయోగశాలలో కనిపించేదానికీ రోగి కాలి మీద జరిగేదానికీ ఎంత తేడా ఉంటుందో దగ్గరగా చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. ఆ డ్రెస్సింగ్ కోసం ఒక్క రోజు కూడా ఆగకండి. నానోఫైబర్ల మీద నాకు గట్టి నమ్మకమే ఉంది, నా పనే అది. కానీ అరికాలి పుండు మూడు నెలలు మానలేదంటే, దానికి కారణం మంచి డ్రెస్సింగ్ దొరకకపోవడం కావడం చాలా అరుదు.

మధుమేహం ఏళ్ల తరబడి ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. పుండు ఉన్నా నొప్పి తెలియదు, నొప్పి తెలియదు కాబట్టి మామూలుగానే నడుస్తారు. అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువు ఆ పుండు మీదే పడి, అప్పుడే పుడుతున్న లేత కండ నలిగిపోతుంది. కాబట్టి అరికాలి పుండుకు అన్నిటికన్నా ముందు చేయవలసింది దాని మీద బరువు పడకుండా చూడడం. స్పర్శ పోవడం వల్ల వచ్చిన అరికాలి పుండుకు మోకాలి దాకా ఉండే, రోగి తనంతట తాను విప్పలేని పిండికట్టు లాంటి సాధనాన్ని అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదటి ఎంపికగా సూచిస్తున్నాయి. విప్పడానికి వీలైనది ఇస్తే ఇంట్లో నాలుగు అడుగులే కదా అని చాలామంది తీసి పక్కన పెడతారు, ఆ నాలుగు అడుగులే రోజుకు వందలవుతాయి. అయితే కాలికి రక్తప్రసరణ బాగా తగ్గి ఉన్నా, ఇన్ఫెక్షన్ ముదిరి ఉన్నా ఇలాంటి కట్టు ప్రమాదం. వైద్యులు పరీక్షించి నిర్ణయించవలసిన విషయం ఇది.

రెండోది రక్తప్రసరణ. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే పరీక్ష ఒకటి ఉంది, బహుశా చేసే ఉంటారు. మధుమేహం ఉన్నవారిలో ధమనుల గోడల్లో కాల్షియం పేరుకుని అవి గట్టిపడతాయి. దానివల్ల నిజానికి ప్రసరణ తగ్గి ఉన్నా ఆ అంకె మాత్రం బాగానే కనిపించవచ్చు. కాలి బొటనవేలి దగ్గర కూడా రక్తపోటు కొలిచారా అని అడగండి. డ్రెస్సింగ్ ఎంత గొప్పదైనా అది కణాలకు పని మొదలుపెట్టమని సంకేతం మాత్రమే ఇవ్వగలదు. కొత్త కండ కట్టడానికి కావలసిన ఆక్సిజన్‌నూ పోషకాలనూ రక్తమే తేవాలి.

మూడోది పుండు లోపలి పరిస్థితి. చచ్చిన కండను, అంచున గట్టిపడిన తోలును ఎప్పటికప్పుడు తీసేస్తున్నారా? పుండులోకి సన్నని లోహపు కడ్డీ పెట్టి చూస్తే అది ఎముకకు తగులుతోందా, ఎక్స్‌రే తీశారా? ఎముకకు ఇన్ఫెక్షన్ సోకి ఉంటే పైన ఏది కట్టినా పుండు మూసుకోదు, మూసుకున్నా మళ్లీ తెరుచుకుంటుంది. ఇవన్నీ సరిగా జరుగుతున్నప్పుడు నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికి తగ్గాలి. అలా తగ్గని పుండు పన్నెండు వారాల్లో మానే అవకాశం తక్కువని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది, అప్పటి నుంచి వైద్యులు దాన్ని ఒక కొలమానంగా వాడుతున్నారు. మీరు చెప్పినది మూడు నెలలు. అంటే ఎక్కడో ఒక కారణం మిగిలిపోయింది, దాన్ని వెతకాలి. ఈలోగా ఎరుపు చుట్టూ పాకినా, వాపు పెరిగినా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం తగిలినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మీ రెండో ప్రశ్న.

గాయాన్ని ఆరబెట్టాలన్న నమ్మకం చాలా పాతది. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద చేసిన ప్రయోగాలు దాన్ని కదిలించాయి. పాలిథీన్ పొర కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి వదిలి పక్కు కట్టనిచ్చిన గాయాలకన్నా దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. ఆ తర్వాత వచ్చిన ఆధునిక డ్రెస్సింగ్‌లన్నీ, అంటే జెల్లులు, నురుగు పలకలు, సముద్రపు నాచు నుంచి చేసే ఆల్జినేట్‌లు, ఆ తేమను సరైన పాళ్లలో నిలపడానికి చేసిన ప్రయత్నాలే. నానోఫైబర్లు ఇంకో అడుగు ముందుకు వేస్తాయి. మన చర్మం కింది పొరలో కణాలను పట్టి ఉంచేది కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక. ఆ పోగుల మందం ఇంచుమించు 50 నుంచి 500 నానోమీటర్లు. తల వెంట్రుక మందం 80,000 నానోమీటర్ల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే ఇవి ఎంత సన్ననివో తెలుస్తుంది. మామూలు కట్టుగుడ్డలోని దారం కణానికి ఓ పెద్ద దూలం. నానోఫైబర్ అల్లిక మాత్రం దాని సొంత ఇంటి కొలతల్లో ఉంటుంది కాబట్టి, తీగ పందిరిని పట్టుకున్నట్టు కణం దాన్ని పట్టుకుని పాకుతుంది.

తయారీ చూస్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఎక్కువగా వాడే పద్ధతి ఎలక్ట్రోస్పిన్నింగ్. తేనె అంత చిక్కగా ఉన్న పాలిమర్ (పొడవైన గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం) ద్రావణాన్ని సిరంజిలో నింపి, గంటకు ఒక మిల్లీలీటరు లాంటి నిదానమైన వేగంతో సూది గుండా బయటికి తోస్తారు. సూదికి పది నుంచి ముప్పై వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. పదిహేను ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఒక లోహపు పలకో తిరిగే డ్రమ్మో ఉంటుంది. వోల్టేజి పెంచుతున్నకొద్దీ సూది కొనన వేలాడే గుండ్రని చుక్క సాగి శంకువులా మారుతుంది. 1964లో ఆ ఆకారాన్ని గణితంతో వివరించిన జెఫ్రీ టేలర్ పేరుతోనే దాన్ని టేలర్ శంకువు అంటారు. ఒక హద్దు దాటగానే ఆ శంకువు మొన నుంచి కంటికి ఆనీ ఆనని ధార బయలుదేరుతుంది. కొన్ని సెంటీమీటర్లు నిటారుగా వెళ్లి, ఆ తర్వాత కొరడాలా సుళ్లు తిరుగుతూ వేల రెట్లు సాగిపోతుంది. ద్రావకం దారిలోనే ఆవిరైపోయి, పలక మీద పడేసరికి పొడి పోగు మాత్రమే మిగులుతుంది. అరగంటకు పలక మీద తెల్లని పొర కనిపిస్తుంది. కొన్ని గంటలు ఆగితే పట్టకారుతో అంచు పట్టుకుని ఒలిచి తీయగలిగిన మెత్తని, పలుచని గుడ్డ తయారవుతుంది. గదిలో తేమ ఎక్కువైన రోజున ఇదే ద్రావణం ఇదే యంత్రంలో పోగుల బదులు పూసలు పూసలుగా పడుతుంది. ఒక్కోసారి పోగుల ఒంటి నిండా చిల్లులు పడతాయి. ప్రయోగశాలలో బాగా వచ్చినది కర్మాగారంలో ఎందుకు రాదని అడిగేవారికి నేను మొదట చూపేది తేమ కొలిచే సాధనాన్నే.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన విద్య కాదు. 1934లో అంటోన్ ఫార్మ్‌హాల్స్ ఈ పద్ధతికి అమెరికాలో పేటెంట్ పొందాడు. 1990లలో ఆక్రన్ విశ్వవిద్యాలయంలో డారెల్ రెనెకర్ బృందం దీన్ని మళ్లీ చేపట్టాక ప్రపంచమంతా ప్రయోగశాలల్లో సిరంజిలు తిరగడం మొదలైంది.

ఈ గుడ్డలో సగానికి మించి ఖాళీ స్థలమే. గాలి, నీటి ఆవిరి దాటిపోతాయి. పోగుల మధ్య సందులు బాక్టీరియా కన్నా చిన్నవిగా ఉంటే బయటి క్రిములు సులభంగా లోపలికి రావు. ప్రచార పత్రాలన్నీ ఇంతవరకు చెప్పి ఆగిపోతాయి. ఒక మైక్రోమీటరు (వెయ్యి నానోమీటర్ల) బాక్టీరియా దూరని సందులో పది ఇరవై మైక్రోమీటర్ల చర్మకణం ఎలా దూరుతుంది? దూరదు. కణాలు గుడ్డ పైపొర మీదే పరుచుకుంటాయి, లోతుకు దిగవు. కొత్త కండ గుడ్డలోకి అల్లుకుపోవాలంటే సందులు పెద్దవి కావాలి, సందులు పెద్దవైతే క్రిములకు అడ్డు తగ్గుతుంది. అందుకే ఈ మధ్య తయారుచేసేవారు గాయం వైపు వదులుగా, పెద్ద పోగులూ చిన్న పోగులూ కలిపి, బయటి వైపు బిగువుగా రెండు మూడు పొరలు వేస్తున్నారు. ఒకే పొరతో అన్ని గుణాలూ ఉన్నాయని ఎవరైనా చెబితే నేను వెంటనే కణాలు ఎంత లోతుకు దిగాయో చూపే చిత్రం అడుగుతాను.

ఇప్పుడు మందు సంగతి. అన్నిటికన్నా తేలిక దారి, మందును పాలిమర్ ద్రావణంలోనే కలిపి పోగులు తీయడం. ఇందులో ఒక మంచి లాభం ఉంది: ద్రావకం రెప్పపాటులో ఆవిరవుతుంది కాబట్టి మందు అణువులు స్ఫటికాలుగా పేర్చుకునే సమయం ఉండదు. అలా చెదిరి ఉన్న మందు నీటిలో త్వరగా కరుగుతుంది. నీటిలో కరగడానికి మొరాయించే మందులకు ఇది వరం. నష్టం కూడా అక్కడే ఉంది. ద్రావకం ఆవిరవుతూ మందును కూడా పోగు ఉపరితలానికి లాక్కొస్తుంది. సన్నని పోగులకు ఉపరితలం విపరీతంగా ఎక్కువ. తడి తగలగానే ఆ పైనున్న మందంతా ఒక్కసారిగా బయటపడుతుంది. మొదటి కొన్ని గంటల్లోనే సగానికి పైగా ఖర్చైపోయిన గుడ్డలను నేను ఎన్నో చూశాను.

పసుపులోని కర్‌క్యుమిన్ కలిపిన గుడ్డతో ఇది కంటికి కనిపిస్తుంది. గుడ్డ నిమ్మపండు రంగులో ఉంటుంది. చిన్న బిళ్లగా కత్తిరించి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచిన ఉప్పు ద్రావణంలో వేస్తారు. కర్‌క్యుమిన్ నీటిలో కరగదు కాబట్టి ద్రావణంలో కాస్త ఆల్కహాలో సబ్బు లాంటి పదార్థమో కలుపుతారు. కొద్ది సేపటికే బిళ్ల చుట్టూ పసుపు మేఘం లేస్తుంది. గంట గంటకూ కొంచెం ద్రావణం తీసి ఎంత రంగు చేరిందో కొలిచి, గీత గీసి, మందు విడుదల ఇంత శాతం అని ప్రచురిస్తారు. కానీ పుండులో ఆల్కహాలు లేదు. బిళ్ల చుట్టూ యాభై మిల్లీలీటర్ల శుభ్రమైన ద్రావణమూ లేదు. పలుచని రసి పొర ఉంటుంది, అందులో ప్రోటీన్లూ ఎంజైములూ బాక్టీరియా కిక్కిరిసి ఉంటాయి. పైగా మొండి పుండ్లు క్షారగుణం వైపు మొగ్గి ఉంటాయి, అలాంటి చోట కర్‌క్యుమిన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. పరీక్ష గీతలో కనిపించిన మందులో కణాన్ని చేరేది ఎంత అన్నది వేరే లెక్క.

మందు ఒక్కసారిగా బయటపడడాన్ని అదుపు చేయడానికి పద్ధతులు ఉన్నాయి. ఒకదానిలో ఒకటి అమర్చిన రెండు సూదులతో, లోపల మందు, చుట్టూ పాలిమర్ తొడుగు ఉండేలా పోగు తీస్తారు. మందున్న నీటి బిందువులను నూనె లాంటి ద్రావణంలో చెదరగొట్టి తీసే పద్ధతి మరొకటి. మందు పొరకు రెండు వైపులా మందు లేని పొరలు వేయవచ్చు, పోగు తయారయ్యాక దాని ఒంటికి మందును రసాయనబంధంతో అతికించవచ్చు. ఏ పాలిమర్ ఎంచుకున్నామన్నది వీటన్నిటికన్నా ముఖ్యం. జెలటిన్ పోగులు తడి తగిలితే నిమిషాల్లో జిగురైపోతాయి, వాటిని నిలబెట్టడానికి అణువుల మధ్య ముడులు వేయాలి. ఆ ముడులకు వాడే గ్లూటరాల్డిహైడ్ మిగిలిపోతే కణాలకు విషం. పాలీకాప్రోలాక్టోన్ అనే కృత్రిమ పాలిమర్ రెండేళ్ల దాకా కరగకుండా ఉండగలదు. ఆ రెండింటికీ మధ్య వారాల నుంచి నెలల్లో కరిగేలా పీఎల్‌జీఏ అనే మరో కృత్రిమ పాలిమర్‌ను మలచుకోవచ్చు. ఇక్కడ మామూలు బుద్ధితో ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. రసి కారే పుండుకు డ్రెస్సింగ్‌ను రెండు మూడు రోజులకోసారి మారుస్తారు. అప్పుడు ముప్పై రోజులు మందు వదిలే గుడ్డ వల్ల లాభమేమిటి? మిగిలిన మందు చెత్తబుట్టలోకి పోతుంది. పుండులోనే ఉండి కరిగిపోయే రకానికే ఆ ముప్పై రోజులకు అర్థం ఉంటుంది.

మోతాదు లెక్క కూడా వేసి చూడండి. చదరపు మీటరుకు 20 గ్రాముల బరువున్న గుడ్డ అనుకుందాం. ఐదు సెంటీమీటర్ల చదరపు ముక్క 50 మిల్లీగ్రాములు తూగుతుంది. అందులో పదోవంతు మందు అయితే 5 మిల్లీగ్రాములు. ఆ కాస్త మందు ఎదురీదాలి. ఎందుకంటే రసి పుండు నుంచి డ్రెస్సింగ్ వైపు ప్రవహిస్తుంది, మందేమో డ్రెస్సింగ్ నుంచి పుండు వైపు వెళ్లాలి. బాగా పీల్చుకునే పై కట్టు వేస్తే రసితో పాటు మందును కూడా అదే పీల్చుకుంటుంది. అతి తక్కువ మోతాదులో పనిచేసే పదార్థాలకు, అంటే గ్రోత్ ఫ్యాక్టర్ల లాంటివాటికి, నానోఫైబర్ చక్కగా నప్పుతుంది. గ్రాముల్లో కావలసిన వాటికి నప్పదు.

గ్రోత్ ఫ్యాక్టర్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అందరి ఆశా వాటి మీదే. గాయమైనప్పుడు ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు విడుదల చేసే ఈ ప్రోటీన్లు కణాలను పిలుస్తాయి, విభజించమంటాయి, కొత్త రక్తనాళాలు వేయమంటాయి. మొండి పుండు వాపు దశలోనే చిక్కుకుపోయి ఉంటుంది. అక్కడ ప్రోటీన్లను కోసే ఎంజైములు అవసరానికి మించి పేరుకుంటాయి. శరీరం పంపిన గ్రోత్ ఫ్యాక్టర్‌నే కోసేసే ఆ ఎంజైములు మనం బయటి నుంచి పోసిన దాన్ని వదులుతాయా? 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బెకాప్లెర్మిన్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ జెల్‌ను మధుమేహ పాదపు పుండ్లకు అనుమతించింది. రోజూ పూయవలసిన మందు అది. ఎక్కువ వాడినవారిలో క్యాన్సర్ మరణాల గురించిన అనుమానంతో 2008లో దాని మీద తీవ్ర హెచ్చరిక చేర్చారు, తర్వాతి సమాచారం చూసి 2018లో ఆ హెచ్చరికను తీసేశారు. నిజంగా మేలు చేయగల పదార్థాన్ని ఎంజైముల బారి నుంచి కాపాడి, కావలసిన చోట, కావలసినంత సేపు అందించడం ఎంత అవసరమో ఈ ఒక్క మందు చరిత్రలోనే తెలుస్తుంది. పోగు లోపల దాచిపెట్టిన గ్రోత్ ఫ్యాక్టర్ అలా కాపాడబడుతుంది, నానోఫైబర్‌కు ఉన్న అసలైన బలం ఇదే. చిక్కు ఏమిటంటే పోగులు తీయడానికి వాడే ద్రావకాలు చాలావరకు ప్రోటీన్ల మడతలు విప్పేసేవే. మడత విప్పుకున్న ప్రోటీన్ కొలతల్లో కనిపిస్తుంది కానీ పని చేయదు. కాబట్టి ఎంత ప్రోటీన్ బయటికి వచ్చిందన్న సంఖ్యతో తృప్తిపడకూడదు, వచ్చిన ప్రోటీన్ కణాలను కదిలించిందా అన్నది చూడాలి.

యాంటీబయాటిక్‌ల విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. మొదట పెద్ద మోతాదు, ఆ తర్వాత రోజుల తరబడి బాక్టీరియాను చంపలేని చిన్న మోతాదు వదిలే గుడ్డ, ఆ మందుకు లొంగని బాక్టీరియాను పెంచే తొట్టి అవుతుంది. మొండి పుండ్లలో బాక్టీరియా జిగురు పొర కట్టుకుని బతుకుతాయి, ఆ పొర లోపలికి పై పూత మందులు సరిగా చేరవు, దాన్ని గీకి తీయవలసిందే. మధుమేహ పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో, పుండు మానడం కోసమని క్రిమినాశక డ్రెస్సింగ్‌లు వాడవద్దని, తేనె వాడవద్దని స్పష్టంగా చెప్పింది. వెండి కలిపిన నానో గుడ్డ అని ఆన్‌లైన్‌లో కనిపించేవాటిలో చాలా వరకు వెండి కణాలు పూసిన మామూలు గుడ్డలే, అవి నానోఫైబర్లు కావు.

మనుషుల మీద జరిగిన ఒక పరీక్ష గురించి తప్పక చెప్పాలి. కొలంబియాలో లీష్మానియా పరాన్నజీవి వల్ల చర్మం మీద పడే పుండ్లకు, ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో చేసిన పొరల పట్టీని వాడారు. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను నెమ్మదిగా వదులుతుంది. ఆ వాయువుకు పరాన్నజీవిని చంపే గుణం ఉంది, ప్రయోగశాలలో అంతా ఆశాజనకంగానే ఉంది. 2010లో ప్రచురించిన ఫలితాల్లో, పాత పద్ధతిలో సూదిమందు తీసుకున్నవారిలో దాదాపు 95 శాతం మందికి నయమైతే, పట్టీ వాడినవారిలో సుమారు 37 శాతం మందికే నయమైంది. పట్టీతో దుష్ప్రభావాలు తక్కువ, అది నిజమైన లాభమే. కానీ రోగికి కావలసింది పుండు మానడం. ఈ ఫలితాన్ని దాచకుండా ప్రచురించిన ఆ పరిశోధకుల మీద నాకు చాలా గౌరవం. ఇలాంటి నిజాయితీగల పరీక్షలు ఇంకా కావాలి.

ఎందుకు కావాలంటే, మీరు చదివిన వ్యాసాల్లో చాలావాటికి ఆధారం ఎలుకలు. ఎలుక చర్మం కింద పలుచని కండర పొర ఒకటి ఉంటుంది. గాయమైతే అది ముడుచుకుని అంచులను దగ్గరికి లాగేస్తుంది. మనిషి గాయం ముఖ్యంగా కొత్త కండ పూడి, దాని మీద కొత్త చర్మం పాకడం వల్ల మానుతుంది. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు ఎలుక గాయం చుట్టూ ఉంగరం లాంటి అడ్డు కుట్టి ఆ ముడుచుకోవడాన్ని ఆపుతారు, లేదా మన చర్మానికి దగ్గరగా ఉండే పంది చర్మం మీద పరీక్షిస్తారు. పైగా ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు బ్లేడుతో చేసిన గాయం ఎలాగూ రెండు వారాల్లో మానుతుంది. దాన్ని రెండు రోజులు ముందుగా మాన్పిన గుడ్డ, అరవై ఏళ్ల మనిషి పాదం మీద నెలల తరబడి ఉన్న పుండును మాన్పుతుందని చెప్పడానికి ఆధారం చాలదు.

మార్కెట్లో ఏమీ లేవా అంటే ఉన్నాయి, కానీ పేరున్నవి మందు లేనివి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన రెస్ట్రాటా, శస్త్రచికిత్స కుట్ల దారాలకు వాడే రెండు రకాల కరిగే పాలిమర్ల పోగులతో చేసినది. పుండులో పరిస్తే కణాలకు ఆసరాగా ఉండి, తర్వాత కరిగిపోతుంది. నానోమెడిక్ సంస్థ చేసిన స్పిన్‌కేర్ చేతిలో పట్టుకునే యంత్రం. రోగి పక్కనే నిలబడి గాయం మీదే పోగులు చల్లి పొర వేస్తుంది, కాలిన గాయాలకూ, వేరే చోట అతికించడానికి చర్మం తీసిన చోటుకూ వాడుతున్నారు. రెండింటిలోనూ పని చేసేది పోగుల నిర్మాణమే. మందు లేనప్పుడు అది వైద్య పరికరం, ఇప్పటికే ఉన్న పరికరంతో సమానమని చూపి అనుమతి పొందవచ్చు. మందు కలిపారంటే ఆ మందు భద్రతనూ ప్రభావాన్నీ రోగుల మీద నిరూపించాలి, ప్రతి బ్యాచ్‌లోనూ అదే మోతాదు అదే వేగంతో విడుదలవుతుందని చూపాలి. క్రిమిరహితం చేయడం కూడా తలనొప్పే. పాలీకాప్రోలాక్టోన్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, 121 డిగ్రీల ఆవిరిలో పెడితే గుడ్డ ముద్దైపోతుంది. గామా కిరణాలు పాలిమర్ గొలుసులను తెంచి మందు విడుదల వేగాన్ని మార్చేస్తాయి. ఎథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడితే దాని అవశేషాలు పోయేదాకా ఆగాలి, గ్రోత్ ఫ్యాక్టర్లకు అదీ ముప్పే. ఆలస్యానికి కారణాల్లో ఇలాంటి చప్పని పనులదే పెద్ద వాటా.

మీ నాన్నగారికి ఇప్పుడే ఉపయోగపడే అవకాశమున్న ఒక డ్రెస్సింగ్ ఉంది. అది నానోఫైబర్ కాదు. సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ అనే పదార్థం నింపిన జాలీ డ్రెస్సింగ్, నేను పైన చెప్పిన ఎంజైముల దూకుడును అది తగ్గిస్తుంది. నరాలూ రక్తప్రసరణా రెండూ కొంత దెబ్బతిన్న పాదపు పుండ్లున్న 240 మంది మీద, ఏది ఎవరికి వేశారో తెలియకుండా జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. 20 వారాల్లో ఈ డ్రెస్సింగ్ వేసినవారిలో 48 శాతం మందికి, అదే జాలీ మందు లేకుండా వేసినవారిలో 30 శాతం మందికి పుండు మూసుకుంది. నరాలూ రక్తప్రసరణా రెండూ దెబ్బతిని, ఇన్ఫెక్షన్ లేని పుండుకు, బరువు తప్పించడం లాంటి చికిత్సలన్నీ సరిగా జరుగుతున్నా రెండు వారాల్లో తగ్గుదల కనిపించకపోతే దీన్ని పరిశీలించమని ఆ అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మీ వైద్యులతో ఈ పేరు ప్రస్తావించండి.

ఎవరైనా మందున్న నానోఫైబర్ డ్రెస్సింగ్‌తో పరిశోధనలో చేరమని అడిగితే భయపడి వద్దనవద్దు, అలాంటి పరీక్షల్లో చేరేవారి వల్లే వైద్యం ముందుకు వెళుతుంది. కానీ కాగితం మీద సంతకం పెట్టే ముందు కొన్ని అడగండి. కొత్త గుడ్డ వేసే వర్గంలో పడినా, వేయని వర్గంలో పడినా బరువు తప్పించే సాధనం, పుండు శుభ్రం చేయడం కొనసాగుతాయా? గుడ్డలో ఉన్న పదార్థం ఏది, ఎన్ని రోజుల్లో ఎంత వదులుతుంది, ఆ కొలత మనిషి రసిలో తీసుకున్నదా? గుడ్డ కరిగిపోతుందా, ఒలిచి తీస్తారా, తీసేటప్పుడు కొత్త చర్మం ఊడి రాదని చూశారా? మధ్యలో మానుకోవాలంటే ఏ ఇబ్బందీ లేకుండా మానుకోవచ్చా? సూటిగా సమాధానం ఇచ్చే బృందమైతే చేరడానికి ఆలోచించవచ్చు.

ఈ వారం మాత్రం ఒక పని చేయండి. పుండు పక్కన చిన్న స్కేలు పెట్టి, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫొటో తీయండి. పొడవు, వెడల్పు రాసుకోండి. వారానికోసారి అదే రోజున మళ్లీ తీయండి. వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఫొటోలను వరుసగా చూపించి, బొటనవేలి రక్తపోటు, ఎముక పరీక్ష, విప్పలేని కట్టు, ఈ మూడింటి గురించి అడగండి. వారు ఏమన్నారో ఇక్కడ రాస్తే, నాకు తెలిసినంత మేర తర్వాతి విషయాలు చెబుతాను.